అందరూ ఆయన పేరుతోనే

పిచ్చుక అన్నది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు పొద్దస్తమానం ఏదో ఒకటి వాగుతూ ఇల్లంతా తిరుగుతుంటే బాబాయి పెట్టిన పేరు. చదువు పూర్తయి, కళ్లజోడు వచ్చి, ఒక కంపెనీ సాఫ్ట్‌వేరంతా ఒంటిచేత్తో నడిపే మనిషయ్యాక కూడా ఆ పేరు ఆమెను వదల్లేదు. ఆ కంపెనీలో ఆమె గురించి మాట వేసింది కూడా బాబాయే. ఆయన అక్కడ హెడ్ మెకానిక్. అపార్టుమెంట్లలో, ఆఫీసుల్లో లిఫ్టులు చూసి బాగుచెయ్యడం ఆ కంపెనీ పని. ఉద్యోగం వచ్చాక వేరే గది వెతుక్కుంటానంటే పిన్ని ఒప్పుకోలేదు. "మా ఇంట్లో గదులు తక్కువయ్యాయా, నీకు కాళ్లు ఎక్కువయ్యాయా?" అంది. అలా ఆమె వాళ్ల ముందుగదిలో ఉండిపోయింది.

సాఫ్ట్‌వేర్ ఆమె ఆ కంపెనీ కోసమే, అక్కడి పని తీరు చూసి రాసింది. మెకానిక్ బిల్డింగ్‌కి వెళ్లి ఫోన్‌లో తన లాగిన్ తెరిస్తే ఆ లిఫ్టుకు చూడాల్సినవన్నీ వరసగా వస్తాయి. తలుపులు, తాళ్లు, బ్రేకు, అలారం. ఒక్కొక్కటీ చూసి టిక్కు పెట్టాలి. ఎవరు ఎప్పుడు ఏం చూశారో ఆఫీసులో కనిపిస్తుంది. రాత ఆమెదే అయినా, అది నిలబడ్డ పునాది మాత్రం ఇంకో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీది. దానికి మనిషికింత అని ఏటా చందా కట్టాలి. ఒక లాగిన్ ఒక్క మనిషే వాడాలి. మనిషి మానేస్తే తీసెయ్యాలి, కొత్తవాడు చేరితే కొత్తది తీసుకోవాలి. ఈ షరతు తప్పకుండా చూసుకోవడం కూడా పిచ్చుక పనే.

మెకానిక్కులు ఒకచోట నిలిచేవాళ్లు కాదు. కొత్తవాడు చేరినప్పుడల్లా ఆమె యజమాని గదిలోకి వెళ్లి ఇంకో చందా అడగాలి. ఆయన చెడ్డవాడేం కాదు, కసురుకునే మనిషీ కాదు. కానీ ఆ మాట చెవిన పడగానే ఆముదం తాగినవాడిలా మొహం పెట్టేవాడు. ఆ మొహం చూడాలంటే ఆమెకు ప్రాణసంకటంగా ఉండేది.

ఒకసారి ఇద్దరు కుర్రాళ్లు ఒకేసారి చేరారు. యజమాని ఊళ్లో లేడు.

"ప్రస్తుతానికి గురువుగారి లాగిన్‌తో కానివ్వండి" అంది పిచ్చుక. కుర్రాళ్లంతా బాబాయిని గురువుగారనే అంటారు.

బాబాయి సంతోషంగా పాస్‌వర్డ్ చెప్పాడు. అది పిన్ని ముద్దుపేరు. ఆ సాయంత్రానికల్లా మెకానిక్కులందరికీ ఆ ముద్దుపేరు తెలిసిపోయింది. వారం తిరక్కుండా పిన్నికీ తెలిసింది, ఇంట్లో పెద్ద రభస అయింది.

"మీకు బుద్ధుందా అండీ? ఊరందరికీ చాటింపు వేశారా?"

"ఊరందరికీ కాదే, మెకానిక్కులకి మాత్రమే" అన్నాడు బాబాయి.

ఆ 'ప్రస్తుతానికి' ఎప్పటికీ పూర్తి కాలేదు. కుర్రాళ్ల తరవాత ఇంకో కుర్రాడు, వాడి తరవాత ఇంకొకడు. ఒకే లాగిన్ రెండు ఫోన్లలో తెరిస్తే మొదటిది మూసుకుపోయేది. 'పని మధ్యలో బయటికి తోసేస్తోంది మేడమ్' అని వాళ్లు గోల పెట్టారు. పిచ్చుక ఒక ఆదివారం కూర్చుని దానికో అడ్డదారి రాసింది. ఎన్ని ఫోన్ల నుంచి వచ్చినా అన్నీ ఒక్క ఫోన్‌గానే చందా కంపెనీకి కనిపించేలా చేసింది. రాస్తున్నప్పుడే ఆమెకు తెలుసు, దీంతో ఏ టిక్కు ఎవరు పెట్టారో ఇక ఎవరికీ తెలియదని. 'తరవాత సరిచేద్దాంలే' అనుకుంది.

"నా పేరుతో వీళ్లందరూ పెడుతున్నారు కదా, రేపు ఏదైనా తేడా వస్తే?" అని బాబాయి ఒకసారి అడిగాడు.

"ఎవరి ఫోనో లోపల తెలుస్తుందిలే బాబాయ్" అనేసింది. అడ్డదారి రాయకముందు అది నిజమే. బాబాయి అడిగింది మాత్రం రాసిన తరవాత.

ఏడాదికోసారి చందా కంపెనీ ఒక ప్రశ్న పంపేది. మీ లాగిన్లన్నీ ఒక్కొక్క మనిషే వాడుతున్నారా? పిచ్చుక 'అవును' నొక్కేది. నొక్కి, వెంటనే ఇంకో పనిలో పడిపోయేది. ఆ సంగతి తలుచుకుని తరవాత తరవాత ఆమె ఎక్కువ కుమిలింది.

ఒక మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. వాళ్లు చూసే ఒక బిల్డింగ్‌లో లిఫ్ట్ అంతస్తుకు సమంగా ఆగకుండా జానెడు కింద ఆగింది. బ్రేకుకు పట్టునిచ్చే లైనింగ్ పొర అరిగిపోయి ఉంది. ఆ అంతస్తులో కాపురముండే దర్జీ ఆవిడ చేతిలో బట్టల మూటతో తలుపు తెరుచుకోగానే అడుగు వేసింది. నేల ఉందనుకున్న చోట నేల లేదు. ముందుకు తూలి లోపల పడింది. కుడి మణికట్టు విరిగింది.

మర్నాడు పొద్దున యజమాని గదిలో నలుగురున్నారు. యజమాని, బిల్డింగ్ తరఫున వచ్చిన బీమా అధికారి, బాబాయి, తలుపు దగ్గర ల్యాప్‌టాప్ పట్టుకుని పిచ్చుక.

"కిందటి తనిఖీలో బ్రేకు చూసినట్టు టిక్కు ఉంది" అన్నాడు బీమా అధికారి. "మీ పేరే ఉందండీ."

బాబాయి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని స్క్రీన్ మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఆ బిల్డింగ్‌కి నేను ఈమధ్య వెళ్లినట్టు గుర్తు లేదు సార్."

"గుర్తు లేకపోవడం వేరు, వెళ్లకపోవడం వేరు కదండీ."

బాబాయి వెనక్కి తిరిగి పిచ్చుకను చూశాడు. ఆయన కళ్లలో అనుమానం లేదు. అర్థం కాని అంకె గురించి లెక్కల మాస్టారిని అడిగినట్టు అడిగాడు.

"నువ్వు సరిగ్గా చూసి చెప్పమ్మా. లోపల తెలుస్తుందన్నావు కదా. అది నేనేనా?"

 నిజం చెబితే అడ్డదారి బయటపడుతుంది. చందా కంపెనీ లాగిన్లన్నీ ఆపేస్తుంది. యజమాని ముందు, బయటివాడి ముందు, ఇన్నేళ్లుగా నొక్కిన 'అవును'లన్నీ అబద్ధాలని తేలుతుంది. ఇదంతా ఆమె బుర్రలో ఒక్కసారిగా గిర్రున తిరిగింది.

"రికార్డులో మీ పేరే ఉంది బాబాయ్" అంది.

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అది నోట్లోంచి అంత సులువుగా వచ్చింది.

బాబాయి కళ్లజోడు తీసి మడిచాడు. "అయితే వెళ్లే ఉంటాను సార్. చూడకుండా టిక్కు పెట్టే అలవాటు నాకు లేదు, కానీ పెట్టే ఉంటాను. తప్పు నాదే."

కొన్నాళ్లు ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నాడు యజమాని, మెత్తగానే. బాబాయి గోదాము తాళాలు బల్ల మీద పెట్టి, పిచ్చుక పక్కనుంచి, ఆమె భుజం మీద ఒక్కసారి తట్టి బయటికి వెళ్లాడు. తనవల్ల ఆమెకు ఆఫీసులో తలవంపులు వచ్చాయని ఆయన బాధ. 

ఇంట్లో ఆయన మునుపటిలాగే జోకులు వేస్తున్నాడు. కానీ స్టవ్ ఆపి మళ్లీ వచ్చి చూస్తున్నాడు. వీధి తలుపు గడియ వేసి, మంచం దాకా వెళ్లి, తిరిగొచ్చి లాగి చూస్తున్నాడు. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "నేను మాత్ర వేసుకున్నానా?" అని పిన్నిని అడుగుతున్నాడు. పిచ్చుక కంచంలోంచి తల ఎత్తేది కాదు. ఆమెకు మెతుకు దిగేది కాదు. 'పని ఎక్కువైంది పిన్నీ' అని మాట దాటేసేది. రేపు చెబుదాం అనుకునేది. రేపు వస్తే ఇంకో రేపు కనిపించేది.

ఒక సాయంత్రం ఆరిన బట్టలు మడతపెడుతూ పిన్ని గొంతు తగ్గించింది.

"నీకు చెప్పొద్దన్నారు. మొన్న డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మతిమరుపేమోనని ఆయన భయం. డాక్టర్ కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గియ్యమన్నాడు. అందరికీ పెట్టే పరీక్షేనట. ఆయనకి చెమటలు పట్టేసి, పెన్ను పట్టుకుని అలాగే కూచుండిపోయారే. ఎన్ని యంత్రాలు విప్పి బిగించిన మనిషి! గడియారం గియ్యలేకపోయారు."

"డాక్టర్ ఏమన్నాడు?"

"కంగారులో అలా అవుతుంది, మళ్లీ రమ్మన్నాడు. ఈయన మాత్రం తేల్చేసుకున్నారు. నా బుర్ర అయిపోయిందే అంటున్నారు." పిన్ని చీర మడత సగంలో ఆపి కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు రోజూ ఆ దర్జీ ఆవిడ కొట్టుకి వెళ్తున్నారు. నావల్ల చెయ్యి విరిగింది, షట్టరైనా ఎత్తి పెడతాను అని."

మర్నాడు పిచ్చుక ఆఫీసు నుంచి తొందరగా బయటపడి దర్జీ కొట్టు వెతుక్కుంటూ వెళ్లింది. చిన్న కొట్టు. రెండు మిషన్లు, గోడకు వేలాడే టేపులు, నేల నిండా గుడ్డముక్కలు. కుడిచేతికి కట్టుతో దర్జీ ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంది. బాబాయి ఆమె ఎదురుగా నిలబడి ఒక ప్యాంటు ఇస్త్రీ చేస్తున్నాడు, నాలుక కొంచెం బయటపెట్టి, బోల్టు బిగిస్తున్నంత శ్రద్ధగా.

"మడత అటు కాదండీ, ఇటు" అంటోంది ఆవిడ. "ఆ ప్యాంటు వేసుకున్నాయన ఎటు నడవాలో తెలియక తికమక పడతాడు."

బాబాయి నవ్వాడు. ఇస్త్రీపెట్టె తీగ పీకాడు. పీకిన తీగను రెండుసార్లు చూసుకున్నాడు. ఆయన చెత్త పారబొయ్యడానికి పక్కసందులోకి వెళ్లగానే పిచ్చుక లోపలికి వచ్చింది. ఆవిడ గిరాకీ అనుకుంది.

"కొత్తవి ఇప్పుడు తీసుకోవట్లేదమ్మా, చెయ్యి ఇలా ఉంది." తరవాత పిచ్చుక చూపు ఎటు ఉందో గమనించి, "ఆయన లిఫ్ట్ మెకానిక్కు. మొదటి రోజు వచ్చినప్పుడు తిట్టిపోశాను. నోరెత్తలేదు. పాపం, మతిమరుపట" అంది.

పిచ్చుక బయటికి వచ్చి మెట్టు మీద కూలబడింది. బాబాయి ఖాళీ చెత్తబుట్టతో తిరిగొచ్చి ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఏమైంది తల్లీ? పిన్ని చెప్పిందా?"

"బాబాయ్, ఆ టిక్కు మీరు పెట్టలేదు."

ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆమె తల వంచుకునే అంతా చెప్పింది. అడ్డదారి సంగతి, ఏటా నొక్కిన 'అవును' సంగతి, ఎవరు పెట్టారో ఎప్పటికీ తేలకుండా తానే చేసిన సంగతి.

"మీరు పెట్టలేదని కూడా రికార్డు చూసి చెప్పలేను. కానీ మీకు వెళ్లినట్టు గుర్తు లేదంటే వెళ్లలేదంతే. మీకు ఏ మతిమరుపూ లేదు."

"అంటే... నేను మర్చిపోలేదా?"

"లేదు బాబాయ్."

ఆయన ఒక్కసారిగా నవ్వాడు. తొడ మీద చరుచుకుని, దారిన పోయేవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. "చూశావా! నేను అనుకుంటూనే ఉన్నా. ఆవిడ మూట ఇవ్వడానికి మొన్న ఆ బిల్డింగ్‌కి వెళ్తే మెట్ల రంగు మారి ఉంది, నేను తనిఖీకి వెళ్లినప్పుడు వేరే రంగు. అంటే నా బుర్ర బాగానే ఉంది!" జేబులోంచి ఫోన్ తీశాడు, పిన్నికి చెప్పడానికి. నంబరు నొక్కబోతూ ఆగాడు.

నవ్వు ఆయన మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయి, నెమ్మదిగా జారిపోయింది.

"ఆ రోజు గదిలో నేను నిన్ను అడిగాను."

"అడిగారు."

"అప్పటికే నీకు తెలుసు."

"తెలుసు బాబాయ్."

ఆయన లేచి, చెత్తబుట్ట లోపల పెట్టి, షట్టర్ దించడానికి ఆవిడకు సాయం చేసి, ఇంటిదారి పట్టాడు. పిచ్చుక నాలుగడుగులు వెనక నడిచింది. తిట్టినా బాగుండు, వీధిలో నిలబెట్టి చెంప పగలగొట్టినా బాగుండు అనిపించింది. ఆయన రోడ్డు దాటేటప్పుడు మాత్రం ఆగి, ఆమె కూడా వచ్చిందో లేదో చూసుకుని దాటాడు.

ఇంట్లో విషయం విన్న పిన్ని వంటింట్లోంచి కదల్లేదు. అక్కణ్నుంచే అంది. "గడియారం సంగతి నేను చెప్పినప్పుడు నువ్వు అక్కడే కూచుని విన్నావు కదే."



మర్నాడు ఆమె యజమానికి చెప్పింది. ఆయన వింటున్నంతసేపూ బల్ల మీది పెన్నును అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చున్నాడు. ఆముదం మొహం కూడా పెట్టలేదు.

"చందా కంపెనీకి ఇది చెబితే ఏమవుతుంది?"

"లాగిన్లు ఆపేస్తారు సార్. మన తనిఖీ రికార్డులేవీ నమ్మడానికి లేదని బిల్డింగులవాళ్లందరికీ చెప్పాల్సి వస్తుంది."

"మీ బాబాయి తనే చేశానని ఒప్పుకున్నాడు కదా. ఆయనకి ఏ ఇబ్బందీ రాకుండా నేను చూసుకుంటాను. ఇక ముందు సరిగ్గా చేద్దాం. సరేనా?"

మూడు రోజుల కిందటైతే ఆ మాట ఆమెకు చల్లటి నీళ్లలా దిగేది. ఇప్పుడు దిగలేదు.

"ఆయన తనకి మతి పోయిందనుకున్నారు సార్. డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లారు."

యజమాని పెన్ను ఆపాడు. బాబాయి ఈ కంపెనీలో చేరినప్పుడు కంపెనీ అంటే ఒక స్కూటరు, ఒక పనిముట్ల సంచి, వీళ్లిద్దరూ. యజమాని కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"చందా అడిగినప్పుడల్లా నేను మొహం ముడుచుకున్న మాట నిజమే" అన్నాడు చివరికి. "కానీ వద్దని ఒక్కసారీ అనలేదమ్మా."

"అనలేదు సార్."

"రాయి. ఉన్నదున్నట్టు రాయి."

చందా కంపెనీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు, జాలీ లేదు.

"ఏటా మేము అడిగిన ప్రశ్నకి మీరే అవునన్నారా అండీ?"

"నేనే అన్నాను."

"అప్పటికి ఇలా వాడుతున్నట్టు మీకు తెలుసా?"

"తెలుసు."

"సరేనండీ" అంది ఆవిడ, రాసుకుంటూ. ఇంతకాలం గుండెల మీద బండలా మోసినదాన్ని ఒక 'సరేనండీ'తో ఇంకెవరో తీసుకుని రాసుకోవడం పిచ్చుకకు వింతగా తోచింది. బరువు మాత్రం తగ్గలేదు.

లాగిన్లన్నీ ఆగిపోయాయి. ఇన్నాళ్లూ కట్టకుండా వాడుకున్న చందాలు కట్టాక, ఒక్కొక్క మెకానిక్‌కీ సొంత లాగిన్ వచ్చేదాకా అంతా కాగితాల మీదే నడిచింది. లాగిన్ల అజమాయిషీ పిచ్చుక చేతుల్లోంచి తీసి అకౌంటెంట్‌కి ఇచ్చారు. ఆమె ఏది మార్చినా ఆయన సంతకం ఉండాలి. కొన్ని బిల్డింగులవాళ్లు వేరే కంపెనీకి వెళ్లిపోయారు. మిగతా లిఫ్టులన్నీ మొదటినుంచి చూడాల్సి వచ్చింది. చూస్తే ఇంకో రెండుచోట్ల బ్రేకులు అరిగి ఉన్నాయి. 

యజమాని కుర్రాళ్లందరినీ నిలబెట్టి ఆ టిక్కు ఎవరిదని అడిగాడు. అందరూ నేల చూపులు చూశారు. ఒకడు మాత్రం అన్నాడు. "ఎవరిదో నిజంగా తెలీదు సార్. గురువుగారి పేరుతోనే వెళ్తుంది కదా అని... చూడకుండానే నొక్కేవాళ్లం. నేను కూడా."

అంత పని ఎదురుగా ఉంటే బాబాయి ఇంట్లో కూర్చోలేకపోయాడు. యజమాని స్వయంగా ఇంటికి వచ్చి తాళాలు తిరిగి ఇచ్చాడు, టీ కూడా తాగి వెళ్లాడు. డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లినప్పుడు బాబాయి గడియారం గీసి, దాని లోపలి చక్రాలు కూడా గీసి ఇచ్చాడట. పిన్ని అది చెప్పి నవ్వింది. పిచ్చుక కూడా నవ్వబోయింది, మొహం చెల్లలేదు.

బాబాయి ఆమెతో మాట్లాడటం మానలేదు. అవసరమైనదల్లా మాట్లాడేవాడు. నీళ్ల మోటారు వెయ్యి, గొడుగు తీసుకెళ్లు, పిన్నికి జ్వరంగా ఉంది. అంతకుమించి ఏదీ అడిగేవాడు కాదు. ఏ చిన్న అనుమానం వచ్చినా ఆమెనే అడిగి తేల్చుకునే మనిషి, ఇప్పుడు ఫోన్‌లో ఏదైనా తెలియకపోతే పక్కింటివాళ్ల దగ్గరికి వెళ్లేవాడు. 

దర్జీ ఆవిడ బిల్డింగ్‌లో బ్రేకుకు కొత్త లైనింగ్ వేశాక, తనిఖీకి ఆఫీసు నుంచి ఒకరు వెళ్లి కళ్లారా చూడాలన్నాడు యజమాని. పిచ్చుక తానే వెళ్తానంది. బాబాయి లిఫ్టు మోటారుండే పై గదిలో బ్రేకు విప్పి చూపించాడు. లిఫ్ట్‌ను ప్రతి అంతస్తులోనూ ఆపి, గడప మీద వేలు పెట్టి సమంగా ఉందని చూపించాడు. ఆమె రాసుకుంది. కిందికి వచ్చి తలుపు తెరిచేసరికి దర్జీ ఆవిడ ఎదురుగా ఉంది. చేతికట్టు విప్పేశారు గానీ మణికట్టు ఇంకా వాచి ఉంది. చంకలో బట్టల మూట. పిచ్చుక ఎవరో, ఏం చేసిందో ఆవిడకు ఈపాటికి తెలుసు. ముందు వారమే పిచ్చుక కొట్టుకి వెళ్లి చెప్పింది. ఆవిడ అంతా విని, 'చెప్పావు, సరే. కత్తెర పట్టుకుంటే ఇంకా నొప్పెడుతోంది' అని మాత్రం అంది.

"ఎక్కండమ్మా, బాగైంది" అన్నాడు బాబాయి, తలుపు పట్టుకుని.

ఆవిడ లోపలికి చూసింది. నేలను చూసింది. ఒక కాలు కొంచెం ముందుకు జరిపి, వెనక్కి తీసుకుంది.

"నమ్మకం లేక కాదండీ. కాలు పడట్లేదు" అంది, మెట్ల వైపు తిరుగుతూ.

బాబాయి తలుపు వదిలేశాడు. తరవాత పిచ్చుక వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ మూట అందుకో. పైదాకా వెళ్లిరా."

పిచ్చుక పరుగున వెళ్లి మూట అందుకుంది. ఆవిడ వద్దనలేదు. రెయిలింగ్ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ ఎక్కుతుంటే, పిచ్చుక రెండు మెట్లు కింద, ఆవిడ నడకకు తగ్గట్టు నెమ్మదిగా ఎక్కసాగింది.